పీఎల్‌సీ ల్యాబ్‌ను స్టార్టర్ డబ్బాతో మొదలుపెట్టండి

మన కాలేజీల్లో ఆటోమేషన్, అందులోనూ పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) అంటే మొదటి రోజే బోర్డు మీద బ్లాక్ డయాగ్రమ్ గీసి, సీపీయూ, మెమరీ అంటూ డిక్టేషన్ మొదలవుతుంది. నేను మాత్రం బోరు మోటారు స్టార్టర్‌తో మొదలుపెడతాను. పల్లె నుంచి వచ్చిన పిల్లలకు ఆ పచ్చ, ఎర్ర బటన్ల డబ్బా ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. పాత డీఓఎల్ స్టార్టర్ (మోటారును నేరుగా లైనుకు కలిపేది) ఒకటి సంపాదించి, కరెంటు ఇవ్వకుండా, మూత తీసి బల్ల మీద పెట్టండి.

"పచ్చ బటన్ మీంచి వేలు తీసేశాక కూడా మోటారు ఎందుకు తిరుగుతోంది?" అని అడిగి ఊరుకోండి. స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా కాంటాక్టర్ (కాయిల్‌కు కరెంటు అందితే మూసుకునే స్విచ్) నుంచి వచ్చిన వైరును వాళ్లే వెతికి పట్టుకోవాలి. బటన్ వదిలినా కాయిల్‌కు కరెంటు ఆ దారినే అందుతుంది. కాస్త టైం పడుతుంది, పట్టనివ్వండి. అది దొరికితే కరెంటు పోయి వచ్చాక మోటారు దానంతటది ఎందుకు తిరగదో, రైతులు ఆటో స్టార్టర్ ఎందుకు పెట్టించుకుంటారో వాళ్లే చెప్పేస్తారు.

ఇప్పుడు అదే సర్క్యూట్‌ను ల్యాడర్‌లో (సర్క్యూట్ బొమ్మలా గీసే పీఎల్‌సీ ప్రోగ్రామ్ భాషలో) రాయించండి. మోటారు బదులు 24 వోల్టుల ల్యాంపు చాలు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. స్టాప్ బటన్ ఎన్‌సీ (నొక్కనప్పుడు మూసుకుని ఉండేది) కదా అని ల్యాడర్‌లోనూ ఎన్‌సీ కాంటాక్టే పెడతారు, ల్యాంపు వెలగదు. వెంటనే సరిచేయకండి. ఆన్‌లైన్ మానిటర్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను తెర మీద చూపేది) తెరిపించండి. బటన్ నొక్కనప్పుడే ఇన్‌పుట్‌కు 24 వోల్టులు అందుతున్నాయి, బిట్ 1గా ఉంది, అందుకే ఎన్‌సీ కాంటాక్ట్ తెరుచుకుని ఉంది. ఎన్‌ఓ (మామూలుగా తెరుచుకుని ఉండి, బిట్ 1 అయితే మూసుకునేది) పెట్టగానే పని జరుగుతుంది.

"మరైతే బటన్‌నే ఎన్‌ఓ పెట్టుకుంటే గొడవ ఉండదు కదా సార్?" అని ఎవరో ఒకరు అంటారు. సరే, అలాగే మార్చి, ల్యాంపు వెలుగుతుండగా స్టాప్ వైరు పీకేయమనండి. ఇక ఎర్ర బటన్ ఎంత నొక్కినా ల్యాంపు ఆరదు. ఎన్‌సీ అయితే వైరు ఊడిన క్షణమే ఆరిపోతుంది. ఎమర్జెన్సీ స్టాప్‌ను మాత్రం ప్రోగ్రామ్‌కే వదిలేయకూడదని, అది కాంటాక్టర్ కాయిల్ సప్లైని నేరుగా తెంచాలని అప్పుడే చెప్పండి.

అనలాగ్‌కు (ఆన్, ఆఫ్ మాత్రమే కాక కొలతను మోసే సిగ్నళ్లకు) వచ్చినప్పుడు కూడా వైరు పీకే పరీక్షే. సిగ్నల్ 4 నుంచి 20 మిల్లీఆంప్‌లు ఎందుకు, సున్నా నుంచి ఎందుకు కాదు? నీటి మట్టం కొలిచే సెన్సర్ ట్యాంకు ఖాళీ అయితే 4, సగం నిండితే 12 పంపుతుంది. మీటరు సున్నా చూపిస్తే ట్యాంకు ఖాళీ అని కాదు, వైరు తెగిందని. 250 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి 1 నుంచి 5 వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటర్‌తో చూడమనండి.

పీఐడీకి (ట్యాంకు మట్టాన్ని కోరిన చోట నిలిపే కంట్రోల్ పద్ధతికి) తొందరేం లేదు. ముందు పీ (తేడాకు తగ్గట్టు స్పందించే భాగం) ఒక్కటే పెట్టి, లెవెల్ సెట్‌పాయింట్‌కు, అంటే కోరిన మట్టానికి, కాస్త అటో ఇటో ఆగిపోవడం చూపించాక, ఐ (మిగిలిన తేడాను కూడబెట్టి సరిచేసే భాగం) కలపండి. పీఐడీ విలువలు ఎంచుకోవడానికి వాడే 1942 నాటి జీగ్లర్-నికోల్స్ పట్టిక ఆ తర్వాత.

కిట్లు చాలకపోతే కోడెసిస్ (పీఎల్‌సీ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) సిమ్యులేషన్ ఉచితమే, హాస్టల్లో కూర్చుని రాసుకుంటారు. కానీ ల్యాబ్‌లో ఒక్కో కిట్ దగ్గర ముగ్గురిని మించి ఉంచకండి. ఆపైన అందరూ చూసేవాళ్లే.

వైవాలో థియరీ అడగను. వాళ్లు బయట ఉండగా ఒక వైరు వదులు చేసి లోపలికి పిలుస్తాను. ముందుగా పీఎల్‌సీ మీద ఇన్‌పుట్ ఎల్‌ఈడీ వెలుగుతోందా అని చూసినవాళ్లకు సగం మార్కులు అప్పుడే పడతాయి. నేరుగా లాప్‌టాప్ తెరిచి ప్రోగ్రామ్ మార్చడం మొదలుపెట్టినవాళ్లను మళ్లీ రమ్మంటాను.