ఇష్టమైన సబ్జెక్టులో గట్టిపడటం ఎలా?

ఇష్టం ఉంటే మార్కులు వాటంతటవే వస్తాయని చాలామంది అంటారు. నా విషయంలో అలా జరగలేదు. నాకు చిన్నప్పటి నుంచీ లెక్కలంటే ప్రాణం, ఇంటికి రాగానే బ్యాగులోంచి ముందు తీసేది లెక్కల పుస్తకమే. అయినా ఎనిమిదో తరగతిలో, లెక్కలంటే పెద్దగా ఇష్టం లేనివాళ్లకు కూడా నాకంటే ఎక్కువ మార్కులు వచ్చేవి. ఎందుకో తెలియక చాలా బాధపడ్డాను. కారణం తర్వాత దొరికింది: రోజూ గంటన్నర కూర్చుని నేను చేస్తున్నవన్నీ నాకు ముందే వచ్చిన లెక్కలు. సమాధానం టకటకా వచ్చేస్తుంటే హాయిగా ఉంటుంది కదా, ఆ హాయి కోసం వాటినే మళ్లీ మళ్లీ చేసేదాన్ని.

కాబట్టి మీరు మొదట చేయాల్సింది ఇదే. ఒక వారం పాటు మీ ఇష్టమైన సబ్జెక్టుకు ఎంత టైమ్ ఇస్తున్నారో కాకుండా, అందులో వచ్చినవాటికి ఎంత, రానివాటికి ఎంత ఇస్తున్నారో రాసుకోండి. లెక్కలే కానక్కర్లేదు, చరిత్ర అయినా జీవశాస్త్రం అయినా ఇదే పద్ధతి. కనీసం సగం టైమ్ రానివాటికి వెళ్లాలి. మొదటి నాలుగైదు రోజులు చిరాగ్గా ఉంటుంది, ఇష్టం తగ్గిపోతోందేమో అని భయం కూడా వేస్తుంది. తగ్గదు.

రెండోది, పుస్తకం మూసి రాయడం. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు, ఇంకొందరు ఒక్క విడత చదివి, మిగిలిన మూడు విడతలూ చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతం, రాసినవాళ్లకు 71. వారం తర్వాత చూస్తే చదివినవాళ్లు 40కి పడిపోయారు, రాసినవాళ్లు 61 దగ్గర నిలబడ్డారు. చదివిన వెంటనే "అంతా వచ్చేసింది" అనిపించడాన్ని నమ్మొద్దని అందుకే చెప్తున్నాను. పాఠం అయ్యాక ఖాళీ కాగితం తీసుకుని గుర్తున్నదంతా రాయండి, తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో చేర్చండి. రెండు రోజులాగి చదవాల్సింది ఆ రంగులో ఉన్నవే.

లెక్కల్లో అయితే ఇంకొకటి. పాఠం చివర ఉన్న ఇరవై లెక్కలనూ వరసగా చేస్తే ఏ సూత్రం వాడాలో ముందే తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ పాఠంలో ఉన్నది అదొక్కటే. పరీక్షలో ఆ వెసులుబాటు ఉండదు. అందుకే మూడు నాలుగు పాఠాల్లోంచి తలా రెండు లెక్కలు తీసి కలిపి చేయండి. ఘనపరిమాణం లెక్కలతో రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ఇదే పరీక్షించారు. కలిపి చేసినవాళ్లకు వారం తర్వాత 63 శాతం వచ్చింది, వరసగా చేసినవాళ్లకు 20. చేస్తున్నప్పుడు మాత్రం కలిపి చేసినవాళ్లే ఎక్కువ తప్పులు చేశారు, కాబట్టి మీకూ మొదట్లో తప్పులు పెరిగితే కంగారు పడకండి.

తప్పుల కోసం ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. సరైన జవాబు ఎక్కించి వదిలేస్తే లాభం లేదు, ఆ సమయంలో మీరు ఏమనుకుని అలా చేశారో కూడా అందులో రాయాలి. నా నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇప్పటికీ గుర్తుంది: 3, 4 కలిపి వర్గం చేయమంటే 9, 16 కలిపి 25 అని రాశాను. 7 వర్గం 49 కదా, మిగతా 24 ఎక్కడికి పోయింది?

ఆ 24ను పట్టుకున్నది నేను కాదు, మా అమ్మ. అమ్మ హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. మా లెక్కల మాస్టారు నా సమాధానం పక్కన ఇంటూ పెట్టకుండా ఒక ప్రశ్న గుర్తు పెట్టి, "బొమ్మ గీసి ఎవరికైనా చెప్పు" అన్నారు. ఇంటికొచ్చి 7 భుజంతో ఒక చతురస్రం గీసి, ప్రతి భుజాన్నీ 3, 4గా విడగొట్టి గీతలు లాగి, ఒక మూల 9, ఇంకో మూల 16 అని అమ్మకు చెప్తున్నాను. "మరి ఈ రెండు ముక్కలూ?" అంది. అంతే. అవి రెండూ 3, 4 భుజాలున్న దీర్ఘ చతురస్రాలు, ఒక్కోటి 12. ఆ తర్వాత (a+b)² సూత్రాన్ని నేనెప్పుడూ బట్టీ పట్టలేదు.

అందుకే, ప్రోత్సహించేవాళ్లు ఆ సబ్జెక్టులో పండితులై ఉండాలని ఎదురుచూడకండి. విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం పియానో, ఈత, గణితం లాంటి రంగాల్లో చాలా పైకి వెళ్లిన 120 మందిని అధ్యయనం చేసి 1985లో ప్రచురించింది. వాళ్లలో చాలామందికి మొదటి గురువులు గొప్ప నిపుణులేం కాదు, నేర్చుకోవడాన్ని సంతోషంగా మార్చిన ఆప్యాయమైన మనుషులు. తప్పులు పట్టి సానబెట్టేవాళ్లు తర్వాత వచ్చారు. మీకు ఆ ఇద్దరూ కావాలి: కూర్చుని వినేవాళ్లు ఒకరు, తప్పు చూపించేవాళ్లు ఒకరు.

టీచర్ దగ్గరికి వెళ్లేటప్పుడు "సార్, నాకు ఈ పాఠం రావట్లేదు" అనకండి, ఆయనకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "మూడో లైను వరకు వచ్చాను సార్, ఇక్కడ ఆగిపోయాను" అని కాగితం చూపించండి. ఎంత తీరిక లేనివాళ్లైనా రెండు నిమిషాలు ఆగి చూస్తారు. తర్వాత గొప్ప శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే బుక్ బైండింగ్ పని నేర్చుకుంటున్న రోజుల్లో, 1812లో, రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, నోట్సు శుభ్రంగా రాసి, బైండు చేసి ఆయనకే పంపాడు. మరుసటి ఏడాది డేవీ దగ్గరే సహాయకుడిగా చేరాడు. ఆసక్తి ఉందని నోటితో చెప్పడం కంటే చేసిన పని చేతిలో పెట్టడం బాగా పనిచేస్తుంది.

పెద్దవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. "నువ్వు చాలా తెలివైనదానివి" అని మెచ్చుకుంటే పిల్లలు ఆ పేరు పోతుందేమోనన్న టెన్షన్‌తో తేలికైనవే ఎంచుకుంటారు. 1998లో మ్యూలర్, డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో అదే కనిపించింది. కష్టపడిన తీరును మెచ్చుకున్న పిల్లలు మాత్రం ఎక్కువగా కష్టమైన ప్రశ్నలవైపు వెళ్లారు. మా మాస్టారు నన్ను ఒక్కసారి కూడా తెలివైనదానివి అనలేదు. "ఇంకో దారిలో చేసి చూపించు" అనేవారు, నేను ఆ మాట కోసమే రాత్రి కూర్చునేదాన్ని.

చివరగా, సాయం చేసినవాళ్లకు పరీక్ష అయ్యాక మార్కులు మాత్రమే చెప్పి ఊరుకోకండి. వాళ్లు అడిగిన ప్రశ్న ఎక్కడ పనికొచ్చిందో చూపించండి. పదో తరగతి అయ్యాక నేను లెక్కల ప్రశ్నపత్రం తెచ్చి, ఆ సూత్రం వాడిన లెక్క అమ్మకు చూపించి, పక్కన మళ్లీ అదే చతురస్రం గీశాను. నేను ఏమీ చెప్పకముందే ఆ రెండు ముక్కల మీదా వేలు పెట్టింది.