వానలకు ముందు అద్దెకిచ్చే బండ్లను, జనరేటర్లను షెడ్డులో పెడుతున్నారా?

ముందు స్థలం చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగిపోయింది. పల్లంలో ఉన్న షెడ్డును నమ్మకండి. జనరేటర్లను ఎత్తైన దిమ్మెల మీదికి ఎక్కించండి.

డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచండి. వెలితిగా ఉంటే లోపలి గాలిలోని తేమ నీరై ఇంధనంలో కలుస్తుంది. చిన్న పెట్రోలు ఇంజన్లకు మాత్రం కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) ఖాళీ చేయాలి, లేదంటే లోపల జిగురు పేరుకుంటుంది.

బ్యాటరీ పూర్తిగా ఛార్జి చేసి, నెగటివ్ తీగ ముందు విప్పండి.

హ్యాండ్ బ్రేకు వేసి నెలల తరబడి వదిలితే పట్టేస్తుంది. చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టడమే మేలు. టైర్ల గాలి సరిచూడండి.

నాకు అన్నిటికన్నా భయం ఎలుకలే. ఒక్క రాత్రిలో వైరింగు కొరికేస్తాయి. ధాన్యం, గోనెసంచులు షెడ్డులో ఉంచకండి.