ఆఫీసు పనిలో ఏఐ, 4వ పాఠం: సంతకానికి ముందు ఎర్ర పెన్ను

పోయిన పాఠంలో ఒక అర్జీకి జవాబు డ్రాఫ్టు ఏఐ చేత రాయించమన్నాను. ఆ కాగితం ప్రింటు తీసి ముందు పెట్టుకోండి. ఎర్ర పెన్ను కూడా తెచ్చుకోండి. ఈ రోజు పని దిద్దడం.

పెన్ను పట్టేముందు ఒక మాట. విజయనగరంలో నా దగ్గర నేర్చుకుంటున్నవాళ్లలో జూనియర్ అసిస్టెంట్లు, ప్రైవేటు ఆఫీసుల్లో లెక్కలు చూసేవాళ్లు ఎక్కువ. చాలామంది ఫోన్ టేబుల్ కింద పెట్టుకుని చాట్‌జీపీటీని అడుగుతారు. పక్క సీటువాళ్లు చూస్తే ‘డ్రాఫ్టు రాయడం కూడా రాదా’ అంటారని సిగ్గు. ఇది ఇంత బాగా రాస్తుంటే రేపు నా సీటు ఉంటుందా అని టెన్షన్. ఈ రెండూ నాకు అర్థమవుతాయి, నేనూ పడ్డాను. కానీ దాచుకుని రాయించిన ఉత్తరాన్ని ఇంకొకరికి చూపించలేం. అలా అది ఎవరూ సరిచూడకుండానే బయటికి పోతుంది.

నా విషయంలో అదే జరగబోయింది. మొదట్లో నేను రాయించిన ఒక ఉత్తరంలో ‘సూచిక’ కింద జీవో నంబరు, తేదీ చక్కగా వచ్చాయి. ఫెయిర్ కాపీ తీసి సంతకానికి పెట్టాను. మా సూపరింటెండెంటు గారు ఆ నంబరు మీద వేలు పెట్టి, “ఏటమ్మా, ఈ జీవో ఎక్కడ దొరికింది నీకు?” అన్నారు. ఇద్దరం సాయంత్రం దాకా వెతికాం. అలాంటి జీవో లేనే లేదు.

ఎందుకిలా? మనం అడిగినప్పుడు ఏఐ మన బీరువాలో ఫైలు తీసి చూడదు. అది చదువుకున్న లెక్కలేనన్ని పేజీల అలవాటు కొద్దీ, ఒక మాట తర్వాత ఏ మాట పొసుగుతుందో చూసుకుంటూ అల్లుకుపోతుంది. ‘సూచిక’ అన్నాక జీవో నంబరు రావాలని దానికి అలవాటు. మనం ఇవ్వకపోతే తనే ఒకటి పుట్టించగలదు. నెట్‌లో వెతికి చెప్పినా సరే, అది చూపించిన లింకు తెరిచి చదవాల్సింది మనమే.

ఇప్పుడు పెన్ను తీయండి. ప్రతి అంకె, తేదీ, పేరు, ఊరు కింద గీత గీయండి. గీత గీసిన ప్రతిదాని పక్కన, అది మీరు ఇచ్చిందైతే ‘నా’ అని, దానంతటది తెచ్చిందైతే ‘దాని’ అని రాయండి. ‘దాని’ అన్నవాటికి అసలు కాగితం దొరికితే ఉంచండి, దొరక్కపోతే కొట్టేయండి.

మన జిల్లాలవాళ్లు ఊళ్ల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు వచ్చింది. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. ఏఐ చదివిన పాత పేజీల్లో మాత్రం ఈ రెండూ శ్రీకాకుళం జిల్లాలోనే ఉంటాయి. అడ్రసు తప్పితే తపాలా వేరే కలెక్టరేటుకు పోతుంది.

తర్వాత క్రియల కింద గీయండి. ‘పరిష్కరిస్తాం’, ‘మంజూరు చేస్తాం’, ‘15 రోజుల్లో తెలియజేస్తాం’ లాంటివి. మర్యాద కోసం ఏఐ మన తరఫున మాట ఇచ్చేస్తుంది. గజపతినగరం నుంచి బస్సెక్కి 16వ రోజున వచ్చిన అర్జీదారుకు జవాబు చెప్పాల్సింది ఆ సీట్లో ఉన్న మీరు. ఆఫీసరు నిర్ణయించని ఏ మాటా ఉత్తరంలో ఉండకూడదు. నా దృష్టిలో అంకె తప్పు కంటే ఇది పెద్ద తప్పు.

అర్జీదారు పేరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు ఏఐకి ఇవ్వకండి. ‘అర్జీదారు’ అని రాసి, పేరు చివర్లో మీ చేత్తో చేర్చుకోండి. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని తన ఉద్యోగులకు చెప్పింది. కాగితాల్లోని గుట్టు బయటికి పోతుందన్నదే కారణం. మీ ఆఫీసులో ఏం నియమం ఉందో అడిగి తెలుసుకున్నాకే అసలు ఫైళ్ల జోలికి వెళ్లండి. అప్పటిదాకా కల్పించిన అర్జీలతోనే సాధన చేయండి.

ఈ వారం అభ్యాసం: మూడు డ్రాఫ్టులు ఇలా దిద్ది, ఒక్కోదానిలో ‘దాని’ అన్నవి ఎన్ని వచ్చాయో లెక్క రాసి పెట్టండి. వాడొచ్చని మీ ఆఫీసులో ఒప్పుకుంటే, దిద్దిన కాగితాన్ని ఎర్ర గీతలతో సహా మీ పైవాళ్లకు చూపించి, “ఏఐతో రాయించి, నేను సరిచూశానండీ” అని చెప్పండి. వచ్చే పాఠంలో నెలవారీ రిపోర్టు పట్టికలు చూద్దాం. ఈ లెక్క అప్పుడు కావాలి.