రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింటే పరిహారం కోసం ఎలా వెళ్లాలి?

తిరుపతి కోర్టులో వకీలు గుమాస్తాగా రోడ్డు ప్రమాద పరిహారం కేసులకు కాగితాలు సిద్ధం చేయడం నా పని. కాలు విరిగిన కేసుకు పెట్టే కాగితాలే వెన్నుపాము కేసుకూ పెట్టి, రావలసినదానిలో సగంతో ఇంటికి వెళ్లిన కుటుంబాలను చూసిన బాధతో ఇది రాస్తున్నాను.

వెన్నుపూస విరగడం వేరు, దాని లోపల ఉండే వెన్నుపాము దెబ్బతినడం వేరు. ఎముక అతుక్కున్నా నరం కోలుకోకపోవచ్చు. మెడ దగ్గర దెబ్బ తగిలితే చేతులు, కాళ్లు రెండూ, వీపు దగ్గర తగిలితే కాళ్లు పట్టు తప్పుతాయి. మలమూత్రాల మీద అదుపు కూడా పోవచ్చు. అందుకే ప్రమాద స్థలంలో మనిషిని కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో కుదించి కూర్చోబెట్టకూడదు. 108కు ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా తల, మెడ, నడుము ఒకే వరుసలో కదలకుండా చూడాలి.

తిరుపతిలో రుయా ఆసుపత్రికి తీసుకెళ్లినా, స్విమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లినా, క్యాజువాలిటీలో పోలీసు కేసు కింద నమోదు చేయించి, ఏ వాహనం ఎలా గుద్దిందో అక్కడే రాయించాలి. కంగారులో ఎవరో "బండి మీద నుంచి పడ్డాడు" అని చెప్పిన ఒక్క మాటను పట్టుకుని ఇన్సూరెన్సు వకీలు కేసు మొత్తాన్ని నిలదీస్తాడు.

ఎఫ్‌ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, ఎమ్మారై రిపోర్టు, బిల్లులు తీసుకోండి. మందుల షాపు రసీదుల మీద అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి కాబట్టి ఏ రోజు రసీదు ఆ రోజే జిరాక్సు తీసి, తెల్ల కాగితానికి అంటించి, తేదీ వేయాలి. ప్లాస్టిక్ కవర్లో కుక్కి తెచ్చే పద్ధతిని నేను ఒప్పుకోను.

మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద పరిహారం దరఖాస్తును మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలి. ప్రమాదం వేలూరు దగ్గర జరిగినా, మీరు చిత్తూరులో నివాసముంటే చిత్తూరులోనే వేసుకోవచ్చు. ఆసుపత్రి మంచం దగ్గరికే వచ్చి, గెలిచిన సొమ్ములో వాటా అడిగే ఏజెంట్లను నమ్మకండి. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం వకీళ్లకే నిషిద్ధం.

ఇక అందరూ తప్పు చేసే చోటు వైకల్య శాతం. సదరం సర్టిఫికెట్లో, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో, 60 శాతం అని ఉంటే సంపాదనలో నష్టం కూడా 60 శాతమే అనుకుని ఊరుకుంటారు. శరీర వైకల్యం ఒకటి, ఆ మనిషి చేసే పనికి వచ్చిన నష్టం మరొకటి అని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. మొదటిది డాక్టరు చెబుతాడు, రెండోదాన్ని ట్రిబ్యునల్ తేలుస్తుంది, కానీ ఆధారం మనమే పెట్టాలి.

లెక్క చూడండి. నెలకు 15,000 సంపాదించే 32 ఏళ్ల మేస్త్రీ ఉన్నాడనుకుందాం. సొంతంగా పని చేసుకునే 40 ఏళ్ల లోపువారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు కాబట్టి నెలకు 21,000, ఏడాదికి 2,52,000 అవుతుంది. ఏడాది సంపాదనను వయసును బట్టి ఒక సంఖ్యతో హెచ్చిస్తారు, దాన్నే గుణకం అంటారు; ఆ వయసుకు గుణకం 16. సంపాదన పూర్తిగా పోయిందని రుజువైతే 40,32,000 రూపాయలు, 60 శాతంగా తీసుకుంటే 24,19,200. ఆ ఒక్క అంకె దగ్గరే 16 లక్షలకు పైగా తేడా వస్తుంది.

కాబట్టి చికిత్స చేసిన డాక్టరు చేతే సాక్ష్యం చెప్పించాలి. ఒక్కసారి చూసి సర్టిఫికెట్ రాసిచ్చిన డాక్టరు సాక్ష్యానికి అంత బరువుండదు. చికిత్స చేసిన డాక్టరు కోర్టుకు రాలేకపోతే, సాక్ష్యం రాసుకోవడానికి కోర్టు నియమించే కమిషనరును ఆసుపత్రికే పంపి వాంగ్మూలం తీసుకోవాలని అర్జీ పెట్టవచ్చు. శాతం చెప్పించి వదిలేయకుండా, ఈ మనిషి పరంజా ఎక్కగలడా, ఇటుకలు మోయగలడా, ఆసరా లేకుండా ఎంతసేపు కూర్చోగలడు అని విడివిడిగా అడిగించాలి. ఒక మేస్త్రీ సాక్ష్యం చెబుతున్నంతసేపూ రెండు చేతులతో కుర్చీ పట్టుకునే ఉన్నాడు. ఒక చెయ్యి వదిలితే ఒళ్లు పక్కకు ఒరిగిపోతోంది. కూర్చోవడానికే రెండు చేతులూ కావాలి కనుక తాపీ పట్టడానికి చెయ్యే మిగలదని డాక్టరు వివరించాక, సర్టిఫికెట్లోని శాతం గురించి అవతలి వకీలు మళ్లీ అడగలేదు.

సేవ చేసే మనిషి ఖర్చును విడిగా అడగడం మరచిపోకండి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించి పడుకోబెట్టడం, మూత్రపు గొట్టం మార్చడం భార్యే చేస్తున్నా అది పనే. 2020లో కాజల్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఖర్చుకు కూడా గుణకం పద్ధతినే వాడింది. భార్య కూలి మానేసిన తేదీని, అంతకు ముందు ఆమెకు వచ్చే కూలిని దరఖాస్తులోనే రాయించండి. లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు గానీ, నరాలు ఎంతవరకు కోలుకుంటాయో డాక్టరు తేల్చి చెప్పకముందే సంతకం పెట్టకండి.