పురుగుమందు కొట్టే ఇళ్లల్లో వణుకుడు జబ్బు ముప్పు తగ్గించుకోవడం ఎలా

మా నాన్నకి 61 ఏళ్లప్పుడు కుడి చేతి బొటనవేలు దానంతట అదే ఆడటం మొదలైంది, టీ గ్లాసు చేతికిస్తే సాసర్ మీద టకటకమని చప్పుడు వచ్చేది. నీరసం అన్నాం, వయసు అన్నాం, రెండేళ్లకి గానీ న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లలేదు. ఇది పార్కిన్సన్స్, అంటే వణుకుడు జబ్బు, అని చెప్పాక డాక్టర్ అడిగింది, "వ్యవసాయమా? మందు మీరే కొడతారా?" అని. ముప్పై ఏళ్లు పత్తికీ మిరపకీ పంపు మోసిన మనిషి మా నాన్న.

ఫలానా మందు వల్లే ఈ మనిషికి వచ్చిందని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు, వయసు ఉంటుంది, జన్యువులు ఉంటాయి. కానీ మందులకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందనడానికి ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో కల్తీ హెరాయిన్ ఎక్కించుకున్న కుర్రాళ్లు ఉన్నట్టుండి కొయ్యబారిపోయారు, అచ్చం ముదిరిన పార్కిన్సన్స్ లాగే. అందులో ఉన్న ఎంపీటీపీ అనే కెమికల్ ఒంట్లోకి వెళ్లాక ఏ పదార్థంగా మారుతుందో దాని నిర్మాణం పారాక్వాట్ అనే గడ్డి మందుకి బాగా దగ్గర. 2011లో అమెరికా రైతు కుటుంబాల మీద చేసిన స్టడీలో పారాక్వాట్ గానీ రోటెనోన్ అనే పురుగుమందు గానీ వాడినవాళ్లలో ఈ జబ్బు సుమారు 2.5 రెట్లు ఎక్కువ కనిపించింది. రోటెనోన్ చెట్ల వేర్ల నుంచి తీసేది, కాబట్టి నేచురల్ అంటే భయం లేదు అనుకోకండి. ఫ్రాన్స్ 2012లోనే రైతులకి పార్కిన్సన్స్ ని వృత్తి వల్ల వచ్చే జబ్బుగా గుర్తించింది, కేరళ 2011లో పారాక్వాట్ ని ఆపేసింది.

ఇక పనిలోకి వద్దాం. మొదటి జాగ్రత్త, కొట్టక్కర్లేనప్పుడు కొట్టకపోవడమే. గుంటక తోలితే పోయే కలుపుకి గడ్డి మందు ఎందుకు? షాపతను నాలుగు డబ్బాలు చేతిలో పెట్టి అన్నీ కలిపి కొట్టు అంటే ఏది దేనికో అడగండి, లేబుల్ మీద అడుగున ఉండే రంగు చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ.

కొట్టేటప్పటి కంటే కలిపేటప్పుడే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అప్పుడు చేతికి తగిలేది నీళ్లు కలవని చిక్కటి మందు. మా నాన్న బకెట్ లో చెయ్యి మోచేతి దాకా పెట్టి కలిపేవాడు, చెయ్యి తెల్లగా పాలలో ముంచినట్టు అయ్యేది, దాన్ని పంచెకి తుడుచుకుని బీడీ వెలిగించేవాడు. పొడుగాటి కర్రతో కలపండి, నైట్రైల్ అనే రబ్బరు గ్లౌజులు వేసుకోండి (గుడ్డవి వద్దు, అవి మందు పీల్చుకుని చర్మానికి అంటిపెట్టుకునే ఉంటాయి), కళ్లకి అద్దాలు పెట్టుకోండి. చేతి మీద గాయం ఉంటే ఆ రోజు వేరేవాళ్లని కలపమనండి, పారాక్వాట్ మామూలు చర్మం కంటే దెబ్బ తగిలిన చోట నుంచి ఒంట్లోకి ఎక్కువ వెళ్తుంది.

పంపులో ముందు ఉత్త నీళ్లు పోసి వీపున వేసుకుని పది అడుగులు నడవండి, చొక్కా తడిస్తే లీక్ ఉన్నట్టే, వాషర్ మార్చాకే మందు పొయ్యండి. నాజిల్ అడ్డం పడితే నోటితో ఊదడం మన దగ్గర అందరికీ అలవాటే, దయచేసి ఇవాళ్టి నుంచే మానేయండి, పాత టూత్ బ్రష్ ఒకటి పంపుకి కట్టేసుకుంటే సరిపోతుంది. పొద్దున్నే గాలి లేనప్పుడు కొట్టండి, మీరు కొట్టిన తుంపర మీ మీదకే రాకుండా గాలివాలు చూసుకుని నడవండి. లుంగీ కట్టుకుని చెప్పుల్లేకుండా తడిసిన మొక్కల్లో నడిస్తే కాళ్లు మొత్తం మందే, ఫుల్ ప్యాంటూ బూట్లూ తప్పవు.

మా అమ్మ ఏనాడూ పంపు మొయ్యలేదు గానీ ఆ మందు బట్టలన్నీ ఉతికింది ఆవిడే, వట్టి చేతులతో, ఇంటి బట్టలతో కలిపి. అవి విడిగా గ్లౌజులు వేసుకుని ఉతకాలి, మనిషి ఇంటికి రాగానే పిల్లల్ని ఎత్తుకోకముందే సబ్బుతో స్నానం చెయ్యాలి. కొట్టిన చేలోకి మర్నాడే కూలీలని దింపకండి, లేబుల్ మీద ఎన్నాళ్లు ఆగమంటే అన్నాళ్లు ఆగండి. పంపు బోరు దగ్గరా బావి దగ్గరా కడగొద్దు. ఖాళీ డబ్బాని మూడుసార్లు కడిగి ఆ నీళ్లు పంపులోనే పోసేసి డబ్బాకి చిల్లులు పెట్టేయండి, లేకపోతే ఎవరో ఒకరు మంచినీళ్లకి వాడతారు.

వర్క్ షాపుల్లో గ్రీజు వదలడానికి వాడే ట్రైక్లోరోఇథిలీన్ కూడా ఇలాంటిదే. అమెరికాలో క్యాంప్ లెజూన్ అనే సైనిక స్థావరంలో తాగే నీళ్లలో అది కలిసింది, అక్కడ ఉన్నవాళ్లకి పార్కిన్సన్స్ ముప్పు 70 శాతం ఎక్కువని 2023లో తేలింది. దాంతో పని చేసేవాళ్లు మూసిన గదిలో పార్టులు కడగొద్దు.

ఏళ్ల తరబడి మందు కొట్టినవాళ్లు ఇంట్లో ఉంటే వణుకు కోసమే చూడకండి. వాసన తెలియకపోవడం, మానని మలబద్ధకం, నిద్రలో అరుస్తూ కాళ్లూ చేతులూ విసరడం, సంతకం చిన్నదైపోవడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, ఇవి వణుకు కంటే ముందే రావచ్చు. వీటికి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి కంగారు పడకుండా డాక్టర్ కి చూపించండి. వెళ్లేటప్పుడు ఏ పంటకి ఏ మందు ఎన్నేళ్లు కొట్టారో కాగితం మీద రాసుకెళ్లండి. మేము నాన్నని కూర్చోబెట్టి అడిగితే రెండు పేజీలు నిండాయి, పేర్లన్నీ ఆయనకి డబ్బా రంగుతో సహా గుర్తున్నాయి.