కాలు విరిగి కోలుకుంటున్నప్పుడు పెళ్లి ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి?

లగ్నపత్రిక రాసుకున్నాక యాక్సిడెంట్‌లో కాలు విరిగితే ఇంట్లో అందరి టెన్షన్ ఒకటే: ముహూర్తానికి నడవగలరా? పెళ్లికూతురికైనా, పెళ్లికొడుక్కైనా నా సలహా ఒకటే. ముహూర్తం కోసం కాలిని తొందరపెట్టకండి, కాలికి తగ్గట్టు తంతును సర్దుకోండి. అరిష్టమని గొణిగే చుట్టాలను మంచం దగ్గరికి రానివ్వకండి.

1. డాక్టర్‌ని సూటిగా అడగండి

మోకాలి కింది పెద్ద ఎముక విరిగి రాడ్ వేస్తే అతుక్కోవడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. సిగరెట్ అలవాటుంటే ఇంకా ఆలస్యమవుతుంది. "పెళ్లి చేసుకోవచ్చా?" అని అడిగితే ఎవరైనా చేసుకోవచ్చనే అంటారు. ఆ రోజుకి కాలి మీద ఎంత బరువు మోపొచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చా, కాలు కిందికి పెట్టి ఎంతసేపు కూర్చోవచ్చు అని విడివిడిగా అడిగి రాసుకోండి.

2. రెండో ముహూర్తం కూడా పెట్టించుకోండి

జ్యేష్ఠంలో తప్పితే ఆషాఢం దాటి శ్రావణం దాకా ఆగాల్సి వస్తుంది. కాబట్టి తేదీ మారితే అడ్వాన్స్ సర్దుతారో లేదో ఫంక్షన్ హాల్ వాళ్లతో ముందే కాగితం మీద రాయించుకోండి.

3. ఫిజియోథెరపీ వేళ ఎవరికీ ఇవ్వొద్దు

పిలుపుల జాబితా, భోజనాల మెనూ మంచం మీద నుంచే చూసుకోవచ్చు. చీరల షాపింగ్ వీడియో కాల్‌లో కానివ్వండి. చుట్టాలొచ్చి కూర్చున్నారని మాత్రం వ్యాయామం మానకండి. పెళ్లిలో మిమ్మల్ని నిలబెట్టేది ఆ అరగంటే.

4. పురోహితుడితో తంతంతా ఒకసారి నడిచి చూడండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. పీటల మీద కూర్చోలేకపోతే ఇద్దరికీ ఒకే ఎత్తు కుర్చీలు వేయించండి. ఒకరికి పీట, ఒకరికి కుర్చీ అయితే జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఒకరు ఒంగాలి, ఇంకొకరు చెయ్యి సాచాలి. తలంబ్రాల పళ్లెం కూడా ఒళ్లో కాకుండా పక్కన చిన్న స్టూల్ మీద ఉంచండి. సన్నికల్లు మీద ఏ కాలు పెట్టాలి, దెబ్బ తగిలింది ఆ కాలికేనా అన్నది ముందే తేల్చుకోండి. పాదం తాకించి వదిలేస్తే సరిపోతుందా అని అడగండి. సప్తపది దగ్గర హడావిడి వద్దు. ఆ తంతు ఉన్న పెళ్లి ఏడో అడుగుతో పూర్తయినట్టని 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ చెబుతోంది. అడుగడుగుకీ ఆగినా పర్వాలేదు, పక్కన ఓ మనిషి కుర్చీతో సిద్ధంగా ఉండాలి. హోమగుండం చుట్టూ వాకర్ పట్టేంత దారి వదలమని డెకరేషన్ వాళ్లకు చెప్పండి. తివాచీ అంచులు టేపుతో అంటించమనండి.

5. హాల్‌ని వాకర్‌తో వెళ్లి చూడండి

ర్యాంప్, లిఫ్ట్, వెస్టర్న్ టాయిలెట్, దాంట్లో పట్టుకోవడానికి కడ్డీ ఉన్నాయో లేదో చూడండి. మెట్లు తప్పకపోతే ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు.

6. మెట్టెలు, మందులు

విరిగిన కాలి పాదం సాయంత్రానికి వాస్తుంది, ఇది నెలల తరబడి ఉండొచ్చు. మెట్టెల కొలత సాయంత్రమే ఇవ్వండి. చుట్టు విప్పి బిగించే రకమైతే మరీ మంచిది. మంగళస్నానానికి కట్టు తడవకుండా ప్లాస్టిక్ కవర్ చుట్టండి. తిన్నాకే వేసుకోవాల్సిన మాత్రలుంటే ఉపవాసం వద్దని పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

7. రిసెప్షన్‌లో కూర్చోండి

ఫొటో కోసం అందరితో నిలబడాల్సిన పని లేదు. సోఫా ముందు కాలు చాపుకోవడానికి ఎత్తుపీట పెట్టించండి, మధ్యమధ్యలో మడమ కదిలిస్తూ ఉండండి. పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టిందేమో, ఆ రోజే ఆసుపత్రిలో చూపించుకోవాలి. ఆయాసం, ఛాతీలో నొప్పి కూడా మొదలైతే ముహూర్తం ఎంత దగ్గర్లో ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.