వానలకు ముందు తలుపులకు ఉప్పు కాగితం (శాండ్‌పేపర్) కొడుతున్నారా?

విశాఖలో జూన్ వానలు మొదలయ్యాయంటే తలుపులు బిగుసుకుపోతాయి. సముద్రపు గాలిలో తేమ ఎలాగూ ఉంటుంది, వాన తోడైతే చెక్క ఉబ్బుతుంది. అప్పుడు కంగారుపడి అంచు రుద్దేస్తే, చెక్క ఆరాక అదే తలుపుకి సందు పడుతుంది. అందుకే ఈ పని మే నెలలోనే, చెక్క బాగా ఆరి ఉన్నప్పుడు పూర్తిచేసుకోండి. తలుపు పై అంచు, కింది అంచు మర్చిపోవద్దు. నిలువు చెక్కల కోసిన చివర్లు అక్కడే ఉంటాయి, నీళ్లు ఎక్కువగా పీల్చేవి అవే.

రెండు మూడు తలుపులకు మిషన్ అక్కర్లేదు, చేత్తో రుద్దే ప్యాడ్ చాలు. పూర్ణా మార్కెట్‌లోనో గాజువాకలోనో ఉప్పు కాగితం కొనేటప్పుడు ధర ఒక్కటే చూడకండి. షీటు వెనక్కి వంచి, గరుకు వైపు బొటనవేలి గోటితో గీరండి. గింజలు రాలితే ఎంత చవకైనా వద్దు. నేనొకసారి చవకగా వచ్చిందని కట్టకి కట్ట కొన్నాను. తేమకి జిగురు మెత్తబడి, సగం తలుపు కాకముందే కాగితం నున్నగా అయిపోయింది. రాలిన గింజలు టేకు మీద గీసిన గీతలు పాలిష్ వేశాక గానీ కనపడలేదు. అప్పటి నుంచి కాగితం బదులు బట్ట మీద గింజలు అంటించిన ఎమరీయే కొంటున్నాను. అది చిరగదు, రోల్ నుంచి మీటర్ల లెక్కన కోసిస్తారు.

షీటు వెనకున్న నంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు. పాత పాలిష్ తీయడానికి 80, తర్వాత 120, చివర్లో 180 లేదా 220. మధ్యది వదిలేసి 80 నుంచి 220కి దూకితే 80 గీతలు అలాగే ఉండిపోతాయి. తలుపు పలక మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీసి, ఆ గీతలు పోయేదాకా చెక్కలో సహజంగా ఉండే చారల వెంటే రుద్దండి. ప్లైవుడ్‌కి మాత్రం 80 ముట్టించొద్దు, పైపొర లేచిపోతుంది.

ప్యాడ్ ఇంట్లోనే చేసుకోవచ్చు. నాలుగున్నర అంగుళాల పొడవు, మూడు అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందమున్న చెక్క ముక్కకి పాత హవాయి చెప్పు అడుగు కోసి, రబ్బరు జిగురుతో అంటించండి. మామూలు షీటు 9×11 అంగుళాలు ఉంటుంది. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క దీనికి సరిగ్గా చుట్టుకుంటుంది, వేళ్లతో పట్టుకోవడానికి రెండు పక్కలా అర అంగుళం మిగులుతుంది. వంపులకు, చెక్కుడు పనికి స్పాంజ్ ప్యాడ్ ఒకటి కొనుక్కోండి.

ఇక అసలు భయం పొడితోనే. చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. టేకు పొడికి కొందరికి ఒళ్లంతా దద్దుర్లొస్తాయి. చేతిరుమాలు కట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్క్ పెట్టుకోండి. ఫ్యాన్ వేయకండి. మధ్యాహ్నం సముద్రం గాలి తిరుగుతుంది కదా, గాలి మీ వీపుకి తగిలేలా బాల్కనీలో కూర్చోండి, పక్కవాళ్ల ఆరేసిన బట్టలు చూసుకుని. పొడిని నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

పాత ఇంటి రంగు తలుపులైతే ఇంకా జాగ్రత్త. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుని పొడిగా రుద్దితే సీసం గాల్లో కలవొచ్చు. తడిపినా పాడవని నల్లటి ఉప్పు కాగితం, అంటే వాటర్ పేపర్ తెచ్చి, రంగుని తడుపుతూ రుద్దండి. ఆ బురద ఆరకముందే గుడ్డతో ఎత్తి కవర్లో కట్టేయండి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ రోజు ఇంట్లో ఉంచొద్దు. చేతులు కడుక్కున్నాకే అన్నం.

అవిసె నూనె పాలిష్ వాడితే, తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి మండొచ్చు. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి. మిగిలిన కాగితాన్ని బిస్కెట్ డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించండి, వచ్చే మే నెలకి కూడా పనికొస్తుంది.